నిధిని త్రవ్వించువా రెవరు?

ములుగు సీమకు వచ్చి కాకతీయులనాటి కట్టడములను చూచిపోవువారు రామప్పగుడి నందిని గూర్చి పుటలకొలది వ్రాయుదురు. అడవిలో దారి లేని చోట్ల శిథిలమై పడియున్న చిన్నగుళ్ళలోని గుంతలను గూర్చి మాత్రము ఒక్క పంక్తియు వ్రాయరు. లింగమును పెకలించి ప్రక్కకు త్రోసిన గుంతలవి. నంది కడుపు పగులగొట్టి చూచిన గునపపు దెబ్బలవి. నంది బొడ్డులో రత్నము లుండుననియు, పానవట్టము క్రింద వరహాల బిందె యుండుననియు మన పల్లెలలో నేటికిని నమ్మకము కలదు. గుప్తనిధుల వేటగాండ్రు పట్టుబడిరను వార్త వచ్చినప్పుడెల్ల చదువుకొన్న మనము "ఎంత మూఢత!" యని పెదవి విరిచి పుట త్రిప్పుచున్నాము. ఆ పెదవి విరుచుటకు మనకుగల యధికార మేమని నేనడుగదలచితిని.

త్రవ్వువాడు మూఢుడే, అందు వాదము లేదు. మంత్రగాని మాట నమ్మి అమావాస్యనాటి రాత్రి కోడిని కోసి గునపము పట్టినవానిని సమర్థించుట నా యుద్దేశము గాదు. ఆ మూఢత ముదిరి నరబలిదాక పోయిన వార్తలను సైతము మనము తెలుగు పత్రికలలో చదివియున్నాము. అయినను నాకొక సందేహము. వానికొక రాత్రి నిజముగనే నాలుగు వరహాలు దొరకినవనుకొందము. వానిని వాడు తినలేడు. అంగడిలో నిచ్చి బియ్యము తేలేడు. ఇంట దాచుకొన్నచో పోలీసుల భయము. కావున వానిని కొనువా డొకడుండవలెను గదా! ఆ కొనువాడు మంత్రములు నమ్మడు, అమావాస్యలు లెక్కింపడు. పట్టణవాసి, విద్యావంతుడు, మనవంటివాడు. భూతద్దము పట్టి పాత లిపులు చదువ నేర్చినవాడు. వానియింట పాతకాసుల పెట్టె యొకటి యుండును.

దొరకిన కాసునకు రెండే దారులు. మొదటిది అవుసలి మూస. గడియసేపటిలో వరాహలాంఛనము, రాజు బిరుదము, అక్షరములు అన్నియు ఎర్రని ముద్దలో కలిసిపోవును. రెండవది సంగ్రాహకుని పెట్టె. మొదటిదానిని మనమందరము నిందింతుము. రెండవదానిని అభిరుచి యనియు చరిత్రాభిమాన మనియు పొగడుదుము. ఎక్కడిదని యడుగక కొన్న నాణెము సగము కరగిన నాణెమే యని నేను చెప్పుచున్నాను. రూపము మిగిలినది, సాక్ష్యము పోయినది.

ములుగువారికి ఇందుకు దూరపు దృష్టాంతము లక్కరలేదు. మేడారపు సమ్మక్క సారలమ్మల కథకు మూలమేమి? కరవు వచ్చినది, కోయదొరలు ప్రతాపరుద్రునికి కప్పము చెల్లింపలేకపోయిరి, కాకతీయుల సైన్యము అడవిలో ప్రవేశించినది, సంపెంగవాగు నెత్తుటితో పారి జంపన్నవాగైనది. ఈ కథను కోయలు నోటిమాటగానే తరతరములుగా కాపాడుకొనిరి. రాళ్ళపై వ్రాయించుకొన్నవారు రాజులును సేనానులును. 1213 లో రామప్పగుడి నెత్తించిన రేచర్ల రుద్రుని ప్రశస్తి పాలంపేటలో శాసనమై నిలిచియున్నది. కోయల మాట ఏ శిలపైనను లేదు. ఇప్పుడు చరిత్రకారుడు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఆ కప్పమును దేనితో చెల్లించుచుండిరి? తేనెతోనా, ధాన్యముతోనా, నాణెములతోనా? శాసనములలో కనబడు గద్యాణములు, మాడలు, రూకలు, చిన్నములు ఓరుగంటి అంగళ్ళు దాటి అడవిలోనికి నడచి వచ్చెనా, లేదా?

తాడ్వాయి అడవిలో నొక గద్యాణము చెదరని మట్టిపొరలో, ప్రక్కన కుండపెంకుతోను పొయ్యిబూడిదతోను దొరకినదనుకొనుడు. ఆ ప్రశ్నకు సమాధానము అచ్చటినుండి మొదలగును. అదే గద్యాణము హైదరాబాదులో వర్తకుని పట్టుగుడ్డపై పరుండియున్నచో దాని బరువు చెప్పవచ్చును, లాంఛనము చెప్పవచ్చును, వెలయు చెప్పవచ్చును. కోయల ప్రశ్నకు మాత్రము అది మూగ. దానిని మూగను చేసినవాడు గునపము పట్టినవా డొక్కడేనా? వానికి కూలి యిచ్చినదెవరు? కొనుగోలు లేనిచోట వేట యుండునా?

సంగ్రహణమే తప్పని దీనివలన ఎవరును అనుకొనరాదు. గోదావరి యొడ్డున కోటిలింగాలలో దొరకిన చిన్నచిన్న నాణెములను గత శతాబ్దమున ఆ ప్రాంతపు విద్యావంతులు ఏరి భద్రపరచి, అవి యెచ్చట దొరకినవో చెప్పి పరిశోధకుల చేతికిచ్చిరి. అందువలననే శాతవాహనులకు ముందు గోభద, నారన, కంవాయ, సమగోప అను రాజుల పేర్లు లోకమునకు తెలిసినవి. లోహముగా తూచిన వానికి పావలా వెల రాదు. తెలంగాణపు చరిత్ర కొన్ని తరములు వెనుకకు జరుగుటకు ఆ పావలా సరకే ఆధారమైనది. అంతకు పూర్వము లక్ష్మణరాయ పరిశోధకమండలివారు ఊరూర తిరిగి, సిరాతోను కాగితములతోను రాతి యక్షరముల నెత్తి వ్రాసి, 1935 లో తెలంగాణా శాసనములను ప్రకటించిరి. వారు ఏ రాతిని పెకలించి తమ యింటి ముంగిట పెట్టుకొనలేదు. సంగ్రాహకులనదగినవారు వారు.

మన పెట్టెల యజమానులు ఈ మాటలకు నవ్వి అమెరికాను చూపుదురు. అచ్చట పందొమ్మిదవ శతాబ్దపు బంగారు నాణెములకు వచ్చు వెలలు వినిన కన్నులు తిరుగుట నిజమే. 1822 వ సంవత్సరపు అయిదు డాలర్ల నాణెము లెక్కకు 17,796 ముద్రింపబడినది. నేడు మనకు తెలిసినంతవరకు మిగిలినవి మూడే. రెండు స్మిత్‌సోనియన్ సంస్థలో నున్నవి. మూడవది 2021 లో వేలమున 84 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. తక్కినవి ఏమైనవి? నాణెముపై వ్రాసిన వెలకంటె అందలి బంగారపు వెల హెచ్చయినందున జనులు వానిని మూసలో వేసిరి. 1834 లో అచ్చటి ప్రభుత్వమే క్రొత్త నాణెముల బంగారము తగ్గించినది. దానితో పాతవాని చావు ఖాయమైనది. మనము నోరు తెరచి చూచు ఆ యపురూపత మూసకు పుట్టిన బిడ్డ. అవుసలిని నిందించి ఆ వెలను పూజించువాడు ఈ సంగతి కొంచెము ఆలోచించుట మేలు.

అమెరికావారినుండి మనము నేర్చుకొనదగినది వెల గాదు, పద్ధతి. అచ్చట పేరుపడిన అపురూపనాణెము మొదట ఎవరియొద్ద నుండెను, ఏ సంవత్సరమున ఎవరి చేతికి మారెను అను వంశవృక్షము నాణెముతో గూడ నడచును. ఏ టంకశాలలో పుట్టినదో తెలుపుటకు దానిపై నొక చిన్న అక్షర ముండును. ఆ యక్షరము కొన్నియెడల మాటలాడరాని సంగతులు మాటలాడును. జార్జియా రాష్ట్రమున దహ్లోనెగా యను ఊరు గలదు. చెరొకీ ప్రజల భాషలో పసుపువన్నెను తెలుపు మాటనుండి వచ్చిన పేరది. 1820 దశకపు చివర ఆ కొండలలో బంగారము బయటపడినది. 1830 లో మూలవాసులను తరలించు చట్టము వచ్చినది. 1838 లో దహ్లోనెగా టంకశాల నాణెములు ముద్రింప మొదలిడినది. ఆ సంవత్సరముననే చెరొకీలను సైన్యముతో పడమటికి తోలిరి. దారిలో వేలకొలది ప్రాణములు పోయినవి. 1861 లో మూతపడిన ఆ టంకశాల నాణెములకు నేడు సంగ్రాహకులు పోటీపడి ధనము గ్రుమ్మరింతురు. వారిలో ఎందరు చెరొకీలను తలతురో నేను చెప్పలేను. తలవదలచినవానికి మాత్రము ఆధారము నాణెముమీదనే యున్నది. ఎవరి నేల, ఏ యేడు, ఏ ఊరు అన్నియు ఒక్క యక్షరములో నిమిడియున్నవి. మేడారపు అడవిలోని గద్యాణమునకు అట్టి యక్షరము లేదు. దొరకిన స్థలమే దాని యక్షరము. దానిని చెరిపివేసి, వెలను మాత్రము అమెరికానుండి దిగుమతి చేసికొందుమా?

"అన్నియు సరే, మ్యూజియమున కిచ్చి ఏమి లాభము? బీరువాలో పెట్టి తాళము వేయుదురు, లేదా దొంగ లెత్తుకొనిపోదురు" అను ప్రతివాదము తరచుగా వినబడుచున్నది. 2018 లో హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాము మ్యూజియమునుండి బంగారపు టిఫిను డబ్బాను దొంగిలించిన మాట వాస్తవము; కొలదిదినములలోనే అది తిరిగి దొరకిన మాటయు వాస్తవము. అది యేల దొరకవలెను? దాని చిత్రము, వర్ణన పట్టికలో నున్నవి. లోకమంతయు దానిని గుర్తించును. మీ పెట్టెలోని పేరులేని వరహా పోయినచో పోలీసులకు మీరేమని చెప్పుదురు? ఎక్కడ కొంటిరని వారడిగిన ఏమని బదులిత్తురు? మ్యూజియముల అలసత్వమును నేను వెనుకవేసికొని రాను. బీరువాలో తాళము పడిన నాణెము నొకనాడు ఎవరైనను తెరచి చదువవచ్చును. స్థలము పోయిన నాణెమును ఎన్నడును ఎవరును చదువలేరు.

ఇక మన యిండ్లలోనికి వత్తము. నాయనమ్మల కాసులపేరులు మన కండ్లయెదుటనే మాయమగుచున్నవి. దక్షిణదేశమున దొరకిన రోమక బంగారు నాణెములలో అనేకమునకు బెజ్జములుండుటను చూడగా రెండువేల యేండ్లక్రిందటనే మన స్త్రీలు కాసులను మెడలో వేసికొనిరని తోచును. ఇంత పాత ఆచారము నేడొక పెండ్లి వచ్చినంతనే అవుసలి కుంపటిలో ముగియుచున్నది. ఆ పేరులో నున్నవి విక్టోరియా రాణి సవరనులో, నిజాముల అశర్ఫీలో, అచ్చున గొట్టిన లక్ష్మీకాసులో ఎవరును తిరిగి చూడరు. తరుగెంత, మజూరీ యెంత అనువరకే మన చరిత్రాభిమానము. ఆ పేరు స్త్రీధన మనియు, దానిని కరగించుటకు ముందు ఆమె నడుగవలెననియు తోచిన మగవారు ఎందరు? అవసరము వచ్చినచో అమ్ముకొనుడు, కరగించుకొనుడు; కూతురి చదువుకంటె పాతకాసు ఎక్కువ యని నేననను. కాని ముందుగా ప్రతి కాసును రెండు ప్రక్కల ఫొటో తీయించి, బరువు తూచి, ఎవరి పుట్టింటినుండి ఏ యూరినుండి వచ్చినదో ముసలివా రుండగానే అడిగి, ఒక కాగితముపై వ్రాసి యుంచుడు. అరగంట పని. బంగారము పోయినను కాగితము మిగులును.

చట్ట మేమి చేయుచున్నదని అడుగవచ్చును. 1972 నాటి పురావస్తువుల చట్టము నూరేండ్లు దాటిన నాణెమును దేశము దాటింపరాదన్నది. పురావస్తువులతో వ్యాపారము చేయువానికి లైసెన్సు కావలెనన్నది. భూమిలో దొరకినవానికి మాత్రము 1878 నాటి నిక్షేపముల చట్టమే నేటికిని దిక్కు. పది రూపాయలకు మించిన నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెను. తెలుపనివాని భాగము ప్రభుత్వపరమగును, చెరసాలయు కలదు. 2021 ఏప్రిలులో జనగామ జిల్లా పెంబర్తియొద్ద నేల చదును చేయుచుండగా రాగిబిందె యొకటి బయటపడి, అందు బంగారు వెండి నగలు దొరకినప్పుడు జనులు కొబ్బరికాయలతో పరుగెత్తిరి. అధికారులు వచ్చి సొమ్మును స్వాధీనము చేసికొనిరి. బంగారమెంత, వెండి యెంత అను లెక్కతోనే ఊరందరి ముచ్చటయు ముగిసినది.

జనులనని లాభమేమి? ఆ చట్టమే యట్లు తూచుచున్నది. కలెక్టరు నిక్షేపమును ప్రభుత్వమునకు తీసికొనదలచినచో ఇయ్యవలసిన మొత్తము లోహపు వెల, దానిపై అయిదవ వంతు. అక్షరమునకు వెల లేదు, స్థలమునకు వెల లేదు, నిజము చెప్పినవాని నిజాయితీకి వెల లేదు. దొంగచాటుగా కొనువాడు అంతకంటె హెచ్చు ఇచ్చుటకు సిద్ధముగా నుండగా, ఏ కూలివాడు కచేరీ మెట్లెక్కును? 1933 లో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు ప్రజల బంగారమును ప్రభుత్వమున కొప్పగింపుమని ఆజ్ఞాపించినప్పుడు సైతము సంగ్రాహకుల అపురూపనాణెములను మినహాయించెను. బంగారమునకై అంతగా తహతహలాడిన ప్రభుత్వము కూడ నాణెము వేరు, బంగారము వేరు అని యొప్పుకొన్నది. మనది నేటికిని ఒప్పుకొనలేదు.

మట్టి కదల్పక మొదట కబురు చెప్పినవానికి లోహపు వెలకు ఇబ్బడిగా ఇయ్యవలెను. మ్యూజియములో ఆ నాణెము ప్రక్కన అతని పేరును ఊరిపేరును వ్రాయవలెను. కబురు తెచ్చిననాడు అతనిని దొంగవలె ప్రశ్నింపరాదు. ఈ మూడు సవరణలు పార్లమెంటు చేయవలసినవి. 2021 జూలైలో రామప్పగుడి ప్రపంచ వారసత్వపు జాబితా కెక్కిననాడు మిఠాయిలు పంచుకొన్న మనలో ఎందరము మన పార్లమెంటు సభ్యునికి దీనిని గూర్చి ఒక్క కార్డుముక్క వ్రాసితిమి?