బాయి ఓటూ, ఇంటి ఓటూ

ఎన్నికలైన మర్నాడు మా మంచిర్యాలలో తప్పకుండా ఒక మాట వినిపిస్తుంది. ‘సెలవిచ్చినా ఓటెయ్యలేదు, ఇట్లాంటోళ్ళ రేషన్ కార్డు తీసెయ్యాలె’ అని. టీ కొట్టు దగ్గర అంటారు, మా స్టాఫ్‌రూములోనూ అంటారు. ఆడవాళ్ళ సంగతి వస్తే ఇంకో మాట కలుస్తుంది. ‘వాళ్ళదేముంది, మొగడు ఏది చెప్తే దానికే గుద్దొస్తరు.’ అంటే మేం వెయ్యకపోతే బాధ్యత లేనివాళ్ళం, వేస్తే బుద్ధి లేనివాళ్ళం. చాలా ఏళ్ళుగా ఈ మాటలు వింటూ ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోబుద్ధి కావడం లేదు.

మా నాన్న సింగరేణిలో కోల్‌ఫిల్లర్. అమ్మ పెళ్ళయి వచ్చింది నస్పూరు కాలనీ క్వార్టర్‌లోకే. ముప్ఫై ఏళ్ళు అక్కడే ఓటు వేసింది. నాన్న రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి మంచిర్యాలలో అద్దె ఇంట్లోకి మారాం. ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో అమ్మ పాత బూతుకు వెళ్ళి గంటన్నర వరసలో నిలబడింది. ‘మీ పేరు లేదమ్మా, క్వార్టర్ ఇడిసిపెట్టిండ్రు గదా’ అన్నారు. కొత్త వీధి జాబితాలోనూ లేదు. అమ్మ ఏమీ అనలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని ఇంటికొచ్చి బియ్యం ఏరుకుంది. ఆ సాయంత్రం టీవీలో ఎవరో పెద్దమనిషి, ఓటు వెయ్యనివాళ్ళకు ప్రశ్నించే హక్కు లేదని ఉపన్యాసం ఇస్తున్నాడు.

ఇది మా అమ్మ ఒక్కదాని కథ కాదు. దేశంలో మొదటి సాధారణ ఎన్నికలప్పుడు, 1951-52లో, దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాల్లోంచి పోయాయి. వాళ్ళు తమ పేరు చెప్పలేదు, ‘ఫలానా వాని భార్యను, ఫలానా వాని బిడ్డను’ అన్నారు. పేరు లేకుండా రాయడానికి వీల్లేదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టాడు. ఆయన పట్టుదలను నేను తప్పు పట్టను. కానీ పేరు చెప్పకూడదని ఆ స్త్రీలకు నేర్పినవాళ్ళ ఓట్లు మాత్రం భద్రంగా ఉన్నాయి. మా కాలనీలో ఆడవాళ్ళకు పేర్లున్నాయి, కానీ ఇల్లు మాత్రం ఇంకొకరి ఉద్యోగానికి వేలాడుతుంది. ఉద్యోగం పోతే ఇల్లు, ఇల్లు పోతే ఓటు.

ఇక బద్ధకం సంగతి. 2023 నవంబరు 30న శాసనసభకు రాష్ట్రంలో సుమారు 71 శాతం ఓటు వేశారు. హైదరాబాద్ జిల్లాలో అయితే సగం మంది కూడా కదల్లేదు. నెల తిరక్కముందే, డిసెంబరు 27న సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. ఓటర్లు 39 వేల పైచిలుకు, పడిన ఓట్లు 94 శాతం! ఏఐటీయూసీ గెలిచిన తేడా 1,999 ఓట్లు. 1998 నుంచీ ఈ ఎన్నికలు రహస్య ఓటుతో జరుగుతున్నాయి. రాత్రి షిఫ్టు దిగి, ముఖాన మసి కడుక్కోకుండా వరసలో నిలబడ్డవాళ్ళను నేను చూశాను. ఎందుకు నిలబడతారు? ఆ ఓటుతో ఏం వస్తుందో వాళ్ళకు తెలుసు. క్వార్టర్, మెడికల్ అన్‌ఫిట్, కొడుకు ఉద్యోగం, లాభాల్లో వాటా. అడిగినవాణ్ణి మళ్ళీ బాయి గేటు దగ్గరే పట్టుకోవచ్చు. శాసనసభ్యుణ్ణి ఏ గేటు దగ్గర పట్టుకోవాలి? మనుషులు ఓటు వెయ్యనిది బద్ధకంతో కాదు, తమ ఓటు ఎక్కడికీ చేరదని లెక్క తేలినప్పుడు.

సరే, అంత విలువైన ఆ బాయి ఓటు ఎవరికుంది? పర్మినెంట్ కార్మికులకే. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో గానీ కేంద్రం సడలింపు ఇవ్వలేదు. కాబట్టి ఆ వరసలో ఆడవాళ్ళు ఎక్కడో ఒకరు. కాలనీ రోడ్లూడ్చేవాళ్ళూ, ఆఫీసులు తుడిచేవాళ్ళూ, నర్సరీల్లో మొక్కలు పెంచేవాళ్ళూ స్త్రీలే ఎక్కువ. కానీ వాళ్ళు కాంట్రాక్టు వాళ్ళు, ఓటు లేదు. 2022 సెప్టెంబరులో వేతనాల కోసం సమ్మె చేసినప్పుడు కూడా వాళ్ళు వేరే, ‘కార్మికులు’ వేరే. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగితే పగుళ్ళు పడేది మేం వండుకునే ఇంటి గోడకు. ఆరేసిన బట్టల మీద పడే దుమ్మును రెండోసారి ఉతికేది మేము. దీనిమీద మాట్లాడే చోటు ఒకటుంది, 2006 నోటిఫికేషన్ ప్రకారం జరిపే పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. నేనొకదానికి వెళ్ళాను. టెంటు, మైకు, పోలీసులు. ఆడవాళ్ళు గట్టిగానే మాట్లాడారు, అన్నీ రాసుకున్నారు కూడా. కానీ అక్కడ ఓటు లేదు. అభిప్రాయం ఎంత తీసుకున్నా దానికి కట్టుబడాలని ఏమీ లేదు.

గృహిణులకు సంఘం ఎన్నికల్లో ఓటేమిటని మా అన్న నవ్వాడు. గృహిణులకు ఇమ్మనడం లేదు నేను. కాంట్రాక్టు స్త్రీలకు ఇవ్వండి. ప్రజాభిప్రాయ సేకరణలో ఊళ్ళో వాళ్ళకు రహస్య ఓటు పెట్టండి. అప్పుడు ఎవరు బద్ధకస్తులో చూద్దాం.

మొగుడు చెప్పినదానికే గుద్దొస్తారన్న మాట కూడా చూడాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక పోరాటం పాకింది. 1994 ఎన్నికల్లో ఆడవాళ్ళు ఎవరు చెబితే వేశారు? ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అవుతూనే నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేసేటప్పుడు మాత్రం ఆ ఓటు వేసినవాళ్ళను ఎవరూ అడగలేదు. అప్పుడు మా కాలనీలో అమ్మ తోటివాళ్ళు అన్నమాట నాకు గుర్తుంది: ‘ఓటు మనది, సీసా వాళ్ళది.’ ఆ తర్వాత ఓటు మీద వాళ్ళకు నమ్మకం తగ్గితే అది వాళ్ళ అజ్ఞానమా?

ఆ రోజుల్లోనే గోడల మీద ‘ఓట్లు బహిష్కరించండి’ అని ఎర్రరాతలు ఉండేవి. వెయ్యమని పార్టీలవాళ్ళు వచ్చేవాళ్ళు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని నాన్నతోనే మాట్లాడారు. అమ్మ ఇద్దరికీ టీ ఇచ్చింది.

మంచిర్యాల, చెన్నూరు, బెల్లంపల్లి, ఈ మూడు చోట్లా 2009 నుంచి ఒక్క స్త్రీ శాసనసభకు గెలవలేదు. 2023లో 119 మందిలో గెలిచిన స్త్రీలు పదిమంది. నేనూ ఒకసారి ఓటు వెయ్యకుండా ఇంట్లో కూర్చున్నాను, దాచుకోను. ఆ రోజు ఏ సిద్ధాంతమూ లేదు, వట్టి విసుగు. అందుకు సిగ్గుపడ్డాను కూడా. కానీ ఆ సిగ్గు నాది. టీవీలో పెద్దమనిషి పంచిపెట్టేది కాదు.

మొన్న అమ్మ పేరు చేర్పించడానికి మూడోసారి వెళ్ళాను. నాన్న పోయి నాలుగేళ్ళయింది. ఫారంలో బంధువు పేరు అని ఒక గడి ఉంది. నా పేరు రాయబోతే, కౌంటర్‌లో అతను ‘భర్తది రాయండి మేడం, అట్లయితే లేట్ కాదు’ అన్నాడు. అమ్మ నావైపు చూసింది. రాశాను.