బెదిరిన పసిమనసుకు నిలకడైన ఒడి

నూజివీడు ప్రాంతంలో మామిడి కాపు దిగే నెలలే ఎన్నో పేద కుటుంబాలకు ఏడాదంతా అన్నం పెట్టే నెలలు. చెట్టెక్కి కాయ కోసేవారిలో, లారీలకు ఎత్తేవారిలో మనవారూ ఉన్నారు. కొమ్మ విరిగి తండ్రి నేలరాలితే, ఆ ఇంట జనాజా లేచి నెల తిరగకముందే పెద్దలు అడిగే మాట ఒకటుంది: పిల్లవాణ్ణి ఎక్కడ చేర్పిద్దాం? దూరపు హాస్టలా, వసతి మదర్సాయా, లేక మండీలో పనా? అడిగేవారి మనసు మంచిదే. కానీ తండ్రిని పోగొట్టుకున్న బిడ్డకు ఆ నిర్ణయంతో తల్లి కూడా దూరమవుతుంది.

మెదడు శాస్త్రం ఈ విషయంలో మనకు ఎంతో చెబుతోంది. పసితనంలో మెదడు అనుభవాలను బట్టే అల్లుకుంటుంది. అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం, పెద్ద దెబ్బ తగిలాక అపాయం గడిచిపోయినా కావలి వదలదు. ఆవేశాన్ని అదుపు చేసే ముందరి మెదడు ఇరవై ఏళ్లు దాటితే గాని పూర్తిగా ఎదగదు. అందుకే ఆ బిడ్డ పక్క తడుపుతాడు, ఉలిక్కిపడతాడు, పాఠం తలకెక్కించుకోలేడు, తమ్ముణ్ణి కొడతాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తిన విజయవాడ సింగ్‌నగర్‌లో ఏ బిడ్డయినా నేటికీ మబ్బు పడితే తల్లి కొంగు వదలకపోతే, దాన్ని మొండితనం అనవద్దు. కొట్టి నోరు మూయించడం కార్బైడు పెట్టి కాయకు రంగు తెప్పించడం వంటిది. పైకి పండినట్టే కనిపిస్తుంది, లోపలి పులుపు పోదు.

మరి మందేమిటి? 2000లో రొమేనియా రాజధాని బుకారెస్టులో అనాథాశ్రమాల్లోని 136 మంది పసివారిపై ఒక అధ్యయనం మొదలైంది. సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. వారి తెలివితేటలు, అనుబంధాలు ఆశ్రమంలో మిగిలినవారికంటే మెరుగుపడ్డాయి. రెండేళ్లలోపే ఇల్లు దొరికినవారికి మేలు ఎక్కువ జరిగింది. రోజూ అదే ముఖం, అదే ఒడి, అదే వేళకు అన్నం: బెదిరిన మెదడును ఊరడించేవి ఇవే. మనకిది కొత్త కాదు. పుట్టకముందే తండ్రిని, ఆరేళ్లకు తల్లిని కోల్పోయిన ప్రవక్త ముహమ్మద్ (స) మొదట తాతగారి ఒడిలో, పిదప తండ్రి సోదరుడు అబూ తాలిబ్ ఇంట పెరిగారు.

చట్టమూ ఇదే చెబుతోంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఆశ్రమంలో చేర్చడం చిట్టచివరి మార్గం. మిషన్ వాత్సల్య కింద, తండ్రి లేని బిడ్డ తల్లి వద్దనే పెరిగేందుకు నెలకు 4,000 రూపాయలు ఇవ్వవచ్చు. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించరాదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి చేరాలి. 2022 నుంచి నూజివీడుకు జిల్లా కేంద్రం ఏలూరు. నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో ఉన్న తల్లి కాగితాలు పట్టుకుని అంత దూరం ఎలా తిరుగుతుంది?

ఆ పని మసీదు కమిటీలు తలకెత్తుకోవాలి. జకాత్ సొమ్ములో బిడ్డను ఇంట నిలిపే ఖర్చుకూ పాలు ఉండాలి. సచివాలయ సిబ్బంది ఇంటికే వచ్చి దరఖాస్తు తీసుకోవాలనీ, తెలుగుతోపాటు ఉర్దూలోనూ బిడ్డతో మాట్లాడగల మానసిక సలహాదారును నియమించాలనీ ప్రభుత్వాన్ని అడగడం మన హక్కు. ఆపదలో ఉన్న బిడ్డకోసం 1098కి, మనోవేదనకు టెలిమానస్ 14416కి ఫోను చేయవచ్చు.

ఇకపై అలాంటి ఇంట పెద్దలు కూర్చున్నప్పుడు మొదటి ప్రశ్న మారాలి: ఈ బిడ్డ తల్లి వద్దనే ఉండాలంటే మనలో ఎవరు ఏమి చేయాలి?