లేత ఆకులోనే చెట్టు గుణం!
కొబ్బరి వంగడాలకు జన్యు పరీక్షల ఊతం

అమలాపురం: 1996 నవంబరు 6 నాటి పెనుతుపానుకు కూలిన కోనసీమ కొబ్బరి తోటలు మళ్లీ కాపునకు రావడానికి ఏళ్లు పట్టింది. దేశవాళీ మొక్క తొలి పొత్తు వేయడానికే ఆరేడేళ్లు కావాలి. రైతుదే ఇంత నిరీక్షణయితే, కొత్త వంగడాన్ని రూపొందించే శాస్త్రవేత్త సంగతి చెప్పనక్కర్లేదు.

అంబాజీపేట పరిశోధన స్థానం అందించిన గోదావరి గంగ ఇందుకు ఉదాహరణ. పొడవు రకమైన దేశవాళీని, పొట్టి రకమైన గంగాబొండాన్ని కలిపి దీన్ని రూపొందించారు. ఇలాంటి సంకరానికి మనిషి చెట్టెక్కి, పొత్తులోని మగపూలు తీసేసి, సంచి కట్టి, పుప్పొడి చల్లాలి. కాయ ముదరడానికి దాదాపు ఏడాది, నారుమడిలో మరో ఏడాది. నాటిన మొక్క నిలకడగా కాస్తుందో లేదో తేలేసరికి దశాబ్దం గడుస్తుంది. ఒక శాస్త్రవేత్త తన ఉద్యోగ కాలంలో రెండు, మూడు తరాలకు మించి చూడలేడు. 1932లోనే నీలేశ్వరంలో తొలి సంకర కొబ్బరిని సృష్టించిన దేశంలో కూడా పరిస్థితి ఇదే.

మామిడికైతే అంటు ఉంది. మంచి చెట్టు ఒక్కటి దొరికితే చాలు, దాని గుణాలు చెడకుండా వేల మొక్కలు కట్టవచ్చు. కొబ్బరికి ఆ సౌకర్యం లేదు. కాయ నుంచే మొక్క రావాలి. పైగా పొడవు రకాల్లో పరపరాగ సంపర్కం ఎక్కువ కనుక ఒకే తల్లి చెట్టు కాయలైనా మొక్కలు తలో తీరుగా ఎదుగుతాయి.

జన్యుశాస్త్రం చేయూతనిస్తున్నది ఇక్కడే. 2017లో చైనా శాస్త్రవేత్తలు హైనాన్ పొడవు రకం జన్యుపటాన్ని ప్రకటించారు. అది సుమారు 240 కోట్ల అక్షరాల గ్రంథం! 2021లో వెలువడిన మరో పరిశోధన పొడవు, పొట్టి రకాల తేడాకు జిబ్బరెల్లిన్ హార్మోను తయారీలో పాలుపంచుకునే జన్యువుతో సంబంధం ఉందని తేల్చింది. కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ పొడవు, పొట్టి, సంకర మొక్కలను గుర్తించే జన్యు సూచికలను రూపొందించింది. నారుమడిలో చిన్న ఆకుముక్క తీసి పరీక్షిస్తే సరిపోతుంది.

రైతుకు తక్షణ ప్రయోజనం కూడా ఇదే. సంకర మొక్కలను ఆకు తొడిమ రంగు, ఎదుగుదల చూసి ఏరడం పాత పద్ధతి. తల్లిదండ్రుల రంగులు ఒకేలా ఉన్నచోట ఆ గుర్తు పనిచేయదు. హైబ్రిడ్ అని కొన్నది కాదని తెలిసేనాటికి నాలుగైదేళ్లు నష్టపోతే ఆ కాలాన్ని తిరిగిచ్చేవారెవరు?

అయితే దిగుబడి, ఉప్పును తట్టుకునే శక్తి వంటివి ఒక్క జన్యువుతో తేలేవి కావు. ముందు ఏ చెట్టు తట్టుకుంటుందో పొలంలో ఏళ్ల తరబడి నమోదు చేయాలి. ఆ తర్వాతే ప్రయోగశాల. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి ఉప్పునీటికి దెబ్బతిన్న తోటల్లో ఇప్పటికీ పచ్చగా కాస్తున్న చెట్లుంటే, వాటిని నరికేయకముందే గుర్తించి, ఆకు నమూనాలు, విత్తనకాయలు సేకరించడం అవసరం.