ముగ్గు పోయకముందే

ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కి, దారిపక్క కొత్త ఇళ్ళ నెత్తిన ఏముందో చూడండి. స్లాబు మీద తుప్పుపట్టిన ఇనుప చువ్వలు నిలబడి ఉంటాయి. అబ్బాయి ఎప్పటికైనా పై అంతస్తు వేస్తాడని! ఆ అబ్బాయేమో బెంగుళూరులో ఫ్లాటు కొనుక్కున్నాడు.

రాని అంతస్తు కోసం కింద పిల్లర్లు లావుగా పోశారు కదా? పోయింది డబ్బొక్కటే కాదు. సిమెంటుకు సున్నపురాయిని 1450 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బొగ్గు పొగ అటుంచండి, రాయే తనలోని బొగ్గుపులుసు వాయువును వదిలేస్తుంది. 50 కిలోల మామూలు సిమెంటు సంచి వెనుక సుమారు 40 కిలోల వాయువుంది. ఖనిజం నుంచి తీసిన ఇనుమైతే టన్నుకు రెండు టన్నుల పైమాటే. ఎండలు ముదరడానికి కారణం ఈ వాయువే. మెట్టవాళ్ళకు ఎండ సంగతి ఒకరు చెప్పాలా! దీపాలూ పంకాలూ రేపైనా తగ్గించుకోవచ్చు. పునాదిలో పోసింది వెనక్కి రాదు.

కనుక ఇంజనీరుగారు ప్లాను గీస్తున్నప్పుడే ఇల్లాలు అడగాలి: పై అంతస్తు నిజంగా వేస్తామా? వెయ్యకపోతే, నేల గట్టిదైతే, రాతిగోడో ఇటుకగోడో కప్పును మోస్తుంది. పిల్లర్లు అక్కర్లేదు. (నల్లరేగడి అయితే మాత్రం ఇంజనీరు మాటే వినండి.) రాయి ఆగుతుందా అని మేస్త్రీ నసిగితే ఉదయగిరి కొండ చూపించండి. కృష్ణదేవరాయలంతటివాడు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గాని గెలవలేకపోయిన కోట అది!

హాలు ఇరవై అడుగుల వెడల్పుండాలని పట్టుబట్టకండి. పన్నెండుకు దించితే స్లాబు పలచబడుతుంది, బీములూ తప్పుతాయి. స్లాబు కింది పొరలో లాగుడును మోసేవి చువ్వలే. కాంక్రీటు ఊరికే బరువు. కేరళలో లారీ బేకర్ అక్కడ చువ్వల మధ్య పాత మంగుళూరు పెంకులు పరిపించి కాంక్రీటు మిగిల్చాడు. ఇటుకల్ని నిలువుగా పేర్చి, మధ్య ఖాళీ వదిలే ఆయన గోడకు పావువంతు ఇటుక తగ్గుతుంది. ఇంట్లో వేడీ తగ్గుతుంది.

బూడిద కలిపిన సిమెంటు నాసిరకమన్న అపోహ ఇంకా పోలేదు. అది థర్మల్ కేంద్రాల బూడిద. మన జిల్లాలో నేలటూరులోనూ అలాంటి కేంద్రముంది. ఈ సిమెంటులో బూడిద 35 శాతం దాకా ఉండవచ్చు, కాల్చిన రాయి ఆ మేరకు తగ్గుతుంది. బలం నిదానంగా పుంజుకుంటుంది గనుక పది రోజులకు తక్కువ కాకుండా, మన ఎండల్లో పధ్నాలుగు రోజులు తడపాలి. నీళ్ళ ఏర్పాటు ముందే చూసుకోండి.

పాత ఇల్లు పడగొట్టి కట్టేవారు రాళ్ళూ, ద్వారబంధాలూ, కడప బండలూ కొలిపించి ఆ కొలతలు ఇంజనీరుగారికి ఇవ్వండి. పాత ద్వారబంధం ఎత్తును బట్టి కొత్త గుమ్మం గీయడం ఆయనకు పెద్ద పని కాదు.