మొండి స్క్రూతో మొండికి పోవద్దు

పాత జీపు ఉన్న రైతు ఇంట్లో తాడు ముక్క ఒకటి తప్పకుండా ఉంటుంది. అది ఎడ్లను కట్టెయ్యడానికి కాదు, జీపు తలుపును కట్టెయ్యడానికి. జహీరాబాద్‌కు అల్లం, ఆలుగడ్డ, కందులు మోసుకొచ్చే పాత బండ్లను ఒకసారి పరీక్షగా చూడండి. ఇంజను బాగానే ఉంటుంది. టైర్లు ఇంకో ఏడాది నడుస్తాయి. తలుపు మాత్రం ఒక పక్కకు వాలి, తాడుతోనో ఇనుప తీగతోనో వేలాడుతూ ఉంటుంది. అడిగితే "దాని కబ్జాలు పోయినయి, ఏం చేస్తం" అంటారు. భూమి కబ్జా అయితే కోర్టుకెక్కే రైతు, తలుపు కబ్జా పోతే మాత్రం తాడు కట్టి ఊరుకుంటాడు.

ఈ నిర్లక్ష్యం ఎందాక తెస్తుందో మా ఇంట్లోనే చూశాం. మా అన్న దగ్గర ఇద్దరి చేతులు మారి వచ్చిన డీజిల్ జీపు ఉండేది. ఎడమ పక్క తలుపు బందు అరిగిపోతే మార్పిద్దామని ఒక షెడ్డుకు తీసుకుపోయాడు. ఆ బందును పట్టి ఉంచిన స్క్రూలు ఎన్నో ఏళ్లుగా కదలనివి. కుర్ర మెకానిక్ చేతికి దొరికిన పేచ్‌కస్ పెట్టి బలమంతా వేసి తిప్పాడు. రెండు మూడు తిప్పులకే స్క్రూ తల మీది గాట్లు అరిగి గుండ్రమయ్యాయి. "ఇది రాదు పటేలా, కోసుడే" అని గ్యాసు కట్టరు తీశాడు. బందు కోసేసి, కొత్త దాన్ని కంబానికే వెల్డింగు కొట్టి పంపాడు. తలుపు ఫ్రేములో సరిగ్గా కూర్చోలేదు, గొళ్లెం పట్టలేదు. మళ్లీ తాడే దిక్కయింది. ఒకనాటి సాయంత్రం అల్లం తవ్వి కూలీలను ఎక్కించుకొని వస్తుంటే హైవే మలుపులో ఆ తాడు తెగింది. తలుపు పక్కన కూర్చున్న కూలి తల్లి సీటు కడ్డీని గట్టిగా పట్టుకుంది గనుక బతికి బయటపడింది. ఆ తర్వాత చాలా రోజుల దాకా మా అన్న ఆమె ఎదురుపడితే తల దించుకునేవాడు.

అందుకే ఈ వారం పంట సంగతి పక్కనపెట్టి స్క్రూ సంగతి రాస్తున్నాను. నేను చెప్పదలచింది ఒక్కటే. బిగుసుకుపోయిన స్క్రూ బలానికి లొంగదు, ఓపికకు లొంగుతుంది. ఈ పని రైతు తన వాకిట్లో తానే చేసుకోవచ్చు. చేసుకోలేకపోయినా, మెకానిక్ పక్కన నిలబడి "ఆగు బాబూ, ముందు నూనె పెట్టు" అని చెప్పగలగాలి.

బండ్లు పుట్టే ఊరు మనది

జీపు మన దేశానికి కొత్త కాదు. 1947 నుంచే మహీంద్రా వారు బొంబాయిలో విల్లీస్ జీపులను బిగించి అమ్మడం మొదలుపెట్టారు. మన జహీరాబాద్ కూడా బండ్లు పుట్టే ఊరే. 1980లలో ఇక్కడ ఆల్విన్ నిస్సాన్ కర్మాగారం చిన్న లారీలు తయారుచేసింది. తర్వాత అది మహీంద్రా చేతికి వచ్చింది. 2013లో ట్రాక్టర్ల కర్మాగారం కూడా మొదలైంది. ఇన్ని వేల బండ్లకు స్క్రూలు బిగించే ఊరి పక్కనే, ఉన్న బండి స్క్రూ విప్పడం చేతకాక బందులు కోయించుకుంటున్నాం. ఇది మనం ఆలోచించాల్సిన విషయం.

ఎందుకు పట్టేస్తుంది?

ఇనుము తుప్పు పడితే లావెక్కుతుంది. స్క్రూ మరల మధ్య ఉండే సన్నని సందు ఆ తుప్పుతో నిండిపోయి, సిమెంటు పోసినట్టు పట్టేస్తుంది. వానకాలంలో కంబం లోపలికి దిగిన నీళ్లు ఆరక నిలుస్తాయి. దానికి తోడు మనం అదే జీపులో ఎరువు బస్తాలు వేస్తాం. పొటాష్ ఎరువులో క్లోరైడు ఉంటుంది. అది ఉప్పులాగే ఇనుమును తింటుంది. చిరిగిన బస్తా నుంచి రాలిన పొడి తలుపు మూలల్లో చేరి, చెమ్మ తగిలితే ఇక చెప్పక్కర్లేదు. ఎరువు దించిన నాడే బండిని నీళ్లతో కడిగి ఎండలో నిలబెడితే సగం తుప్పు తప్పుతుంది.

ఇంకొక కారణం స్క్రూ తల. బందుల స్క్రూలు చాలావాటికి నక్షత్రం గాటు ఉంటుంది. ఆ గాటు గోడలు ఏటవాలుగా ఉంటాయి. గట్టిగా తిప్పేకొద్దీ పేచ్‌కస్ మొన పైకి ఎగదన్నుతుంది. జారిన ప్రతిసారీ గాటు కొంత అరుగుతుంది. కనుక మొదటి తిప్పే ముఖ్యం. అది చెడితే మిగతా పని అంతా చెడినట్టే.

విప్పే పద్ధతి

మొదట తలుపు కింద కట్టె మొద్దో, జాకీయో పెట్టి బరువు ఆనేలా చెయ్యండి. బరువు వేలాడుతుంటే స్క్రూ మీద ఒత్తిడి పడి ఇంకా బిగుస్తుంది. బందు చుట్టూ పెన్సిలుతో గీత గీసుకోండి. మళ్లీ బిగించేటప్పుడు తలుపు పాత చోటనే కూర్చుంటుంది.

తర్వాత స్క్రూ గాటులో పేరుకున్న పెయింటు, మట్టి మొత్తం సూదితోనో, మొన తీసిన మేకుతోనో గీకి తీయాలి. గాటు అడుగు కనిపించాలి. చాలామంది ఈ పని వదిలేస్తారు. పేచ్‌కస్ పూర్తిగా లోపలికి దిగకపోవడానికి ఇదే కారణం.

మూడోది నూనె. దుకాణంలో దొరికే తుప్పు వదిలించే స్ప్రే ఉంటే మంచిది. లేకుంటే డీజిల్‌లో కొంచెం ఇంజనాయిలు కలిపి వాడుకోవచ్చు. పెట్రోలు జోలికి పోవద్దు. సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, తెల్లవారి ఒకసారి పెట్టండి. వీలైతే లోపలి అట్ట తీసి కంబం వెనుక నుంచి కూడా పెట్టండి. మరలు ఉండేది అటువైపే. రాత్రంతా నాననివ్వాలి. విత్తనం నానబెట్టే రైతుకు స్క్రూ నానబెట్టడం కష్టమా?

నాలుగోది సరైన పేచ్‌కస్. పెద్ద స్క్రూకు 3వ నంబరు మొన కావలసిన చోట ఇంట్లో ఉన్న 2వ నంబరుతో తిప్పడం వల్లే గాట్లు పోతాయి. మొన గాటులో కదలకుండా కూర్చోవాలి. గాటు కొంచెం అరిగి ఉంటే, వాల్వులకు రాసే గ్రైండింగు పేస్టు కాస్త మొనకు రాయండి. పట్టు దొరుకుతుంది.

ఐదోది దెబ్బ. స్క్రూ తల మీద పేచ్‌కస్ పెట్టి సుత్తితో నాలుగైదు దెబ్బలు నిటారుగా కొడితే లోపలి తుప్పు పగులుతుంది. ఇంపాక్టు డ్రైవరు అనే పనిముట్టు ఇంకా మేలు. సుత్తితో దాని వెనుక కొడితే, ఆ దెబ్బ స్క్రూను లోపలికి అదిమి పట్టుకుంటూనే కొద్దిగా తిప్పుతుంది. ఇక మొన జారే పనిలేదు. ముందు దాన్ని విప్పే దిక్కుకు పెట్టుకోవడం మరవొద్దు. స్క్రూ కదిలిందా, వెంటనే లాగేయకండి. పావు తిప్పు వెనక్కి, కొంచెం ముందుకు, మళ్లీ నూనె. ఇట్లా ఆడిస్తూ తీయాలి.

నిప్పుతో జాగ్రత్త

వేడి చేస్తే మొండి స్క్రూ వదులుతుందన్నది నిజమే. కానీ పాతతరం జీపులు చాలావాటిలో ఇంధనం టాంకు డ్రైవరు సీటు కిందనే ఉంటుంది. తలుపు దగ్గర మంట పెట్టడమంటే టాంకు పక్కన మంట పెట్టడమే. పైగా అప్పటికే నూనె పోసి ఉంటాం. అందువల్ల మంట పని ఇంటి దగ్గర చేయవద్దు. తప్పనిసరి అయితే షెడ్డులో టాంకు తీయించి, నూనె తుడిపించి, సీట్లు బయటపెట్టి చేయించండి. వెల్డింగు పెట్టేముందు బ్యాటరీ తీగలు తప్పించాలి. లేకుంటే ఛార్జింగు చేసే ఆల్టర్నేటరు చెడిపోయే ప్రమాదం ఉంది.

గాటు పూర్తిగా పోయినా బందు కోయనక్కర్లేదు. స్క్రూ తల అంచున చెన్నీ ఆనించి, గడియారం ముళ్లకు ఎదురు దిక్కుగా చిన్నచిన్న దెబ్బలు వేస్తే చాలాసార్లు కదులుతుంది. కదలకపోతే తల మధ్యలో పంచుతో గుర్తు పెట్టి, ముందు సన్న బిట్టుతో, తర్వాత లావు బిట్టుతో డ్రిల్లు వేయాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. తల ఊడిపోతే బందు తేలిగ్గా బయటికి వస్తుంది. మిగిలిన ముక్కను వైస్ గ్రిప్‌తో పట్టి తిప్పవచ్చు. కొన్ని బండ్లలో స్క్రూ పట్టే మరల పట్టీ కంబం లోపల వదులుగా ఉంటుంది. అన్ని స్క్రూలు ఒకేసారి తీస్తే అది లోపల పడిపోతుంది. కనుక ఒకటైనా ఉంచి మిగతావి తీయండి. ఆఖరిదాన్ని తీసేముందు పట్టీని లోపలి నుంచి తీగతో కట్టి ఉంచండి.

కొత్త స్క్రూలు కొనేటప్పుడు పాతది జేబులో వేసుకొని పోండి. పాత జీపుల్లో అంగుళాల మరలు, తర్వాతి వాటిలో మిల్లీమీటర్ల మరలు ఉంటాయి. ఒకటి బదులు ఒకటి బిగిస్తే కంబం మరలే పాడవుతాయి. బిగించే ముందు ప్రతి స్క్రూకు గ్రీజు రాయండి. వేలి కొనకు వచ్చే ఆ గ్రీజు ఆనాడు ఎవరో రాసి ఉంటే, ఈనాడు మనకు ఈ తిప్పలే ఉండకపోవును.

ఇది రైతు పనేనా?

"మెకానిక్‌లు ఉన్నారు గదా, ఇవన్నీ మాకెందుకు?" అని కొందరు అంటారు. మెకానిక్‌ను నేను తక్కువ చేయడం లేదు. ఓపిక గల పాత మేస్త్రీలు ఇప్పటికీ మన దగ్గర ఉన్నారు. కానీ గంటకు ఇంత అని పనిచేసే షెడ్డులో, మన స్క్రూ కోసం ఎవరూ ఒక రాత్రి కూర్చోరు. కోస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. తీరికలేనిది వాళ్లకు, నష్టం మనకు. ఆ ఒక్క రాత్రి మన వాకిట్లోనే ఉంది.

"పాత డొక్కు బండికి ఇంత మర్యాదా?" అనేవాళ్లూ ఉన్నారు. రెండెకరాల రైతుకు కొత్త బండి ఎక్కడి నుంచి వస్తుంది? ఉన్నదాన్నే నిలుపుకోవాలి. సొంత వాడకం బండికి మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్లు. ఆ తర్వాత 5 ఏళ్లకోసారి బండి చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. తాడు కట్టిన తలుపుతో అక్కడికి పోయి ఏమని జవాబు చెబుతాం? అంతకన్నా ముందు, ఆ తలుపు పక్కన కూర్చునే కూలీలకు, పిల్లలకు ఏమని చెబుతాం?

ఇంపాక్టు డ్రైవరు ఖరీదు ఒకరిద్దరు కూలీల రోజు కూలికి మించదు. ఊరికొకటి చాలు. రైతు సంఘాల వారు స్ప్రేయరు కొన్నట్టే ఇదీ కొని ఉంచాలి. జీపు తలుపుకే కాదు, నాగలి బోల్టుకు, మోటారు పంపు మూతకు, ట్రాలీ డాలాకు ఇదే నూనె, ఇదే ఓపిక పనికొస్తాయి. డిడ్గిలోని కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు ఎండాకాలంలో విత్తన శుద్ధితోపాటు పనిముట్ల రిపేరు మీద కూడా ఒకపూట శిక్షణ పెడితే చిన్న రైతుకు ఎంతో మేలు జరుగుతుంది.

అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఈ సాయంత్రం పొలం నుంచి రాగానే తలుపు స్క్రూల గాట్లు గీకి, నాలుగు చుక్కల నూనె పెట్టి పడుకోండి. తెల్లవారి ఇంకోసారి పెట్టి, ఎండ ఎక్కాక పేచ్‌కస్ పట్టండి. తాడును మాత్రం ఎడ్లకే వదిలెయ్యండి.