పలాసలో ఐసీయూ దండగ కాదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు మాట వస్తే చాలు, చదువుకున్నవాళ్ల నోట ఒక వాదన వినిపిస్తుంది. మంచినీళ్లివ్వాలి, ఊరూరా పరీక్షలు చేయాలి, ప్రాణం మీదికొస్తే విశాఖలోని ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌కు పంపాలి. అదే జిల్లాలోని పలాస, టెక్కలిలో వెంటిలేటర్లు, ఐసీయూ మంచాలు దండగ అని. ఈ లెక్క తప్పు.

పలాస నుంచి విశాఖ దాదాపు 180 కిలోమీటర్లు. డయాలసిస్ తప్పిన జీడితోట కూలీకి రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఏ క్షణంలోనైనా ఆగిపోవచ్చు. ఆ గండం గట్టెక్కించేవి కాల్షియం గ్లూకోనేట్, ఇన్సులిన్, గ్లూకోజ్; వెనువెంటనే డయాలసిస్. మందులు చవకే. అర్ధరాత్రి మానిటర్ మీద గుండె లయ చూసి ప్రమాదం పసిగట్టే నర్సు, డాక్టరే కావాలి. మూడు గంటలు అంబులెన్సులో గడిచాక ఆ చవక మందుకే పని లేకుండా పోవచ్చు. పైగా రిఫర్ చేసినంత మాత్రాన ఖర్చు తగ్గదు. ఆస్పత్రి పద్దులోంచి ఆ ఇంటి అప్పులోకి చేరుతుంది.

సగటు లెక్క మరో మోసం. కోలుకునే ఆశ లేని రోగినీ, కట్లపాము కరిచిన పాతికేళ్ల రైతునూ ఒకే గాటన కట్టి, ఐసీయూ మంచానికి ఇంత ఖర్చు, ఫలితం ఇంతే అంటారు. ఆ రైతుకు ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. విషానికి విరుగుడు ఇచ్చి, కొన్నాళ్లు వెంటిలేటర్ మీద నిలబెడితే లేచి మళ్లీ పొలానికి వెళ్తాడు. పురుగుమందు తాగినవాళ్లలోనూ ఇలా బతికి బయటపడేవాళ్లు ఎందరో.

ఐసీయూ అంటే యంత్రాల గది అనుకోవడం వల్లే ఈ వాదన నిలుస్తోంది. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ సూచన మీద సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా చేతులతో గాలి బుడ్డలు నొక్కుతూ రోగులకు ఊపిరి పోశారు. నేటి ఐసీయూకు నాంది అదే.

నీళ్లకూ ఐసీయూకూ పోటీ పెట్టడం మరీ అన్యాయం. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి రెండూ 2023 డిసెంబరు 14నే ప్రారంభమయ్యాయి. ఆ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. నీళ్లు రేపటివాళ్లను కాపాడినా, ఇప్పటికే కిడ్నీలు పోయినవాళ్లకు అవి వైద్యం కావు.

కాబట్టి అడగాల్సింది మంచాలు తగ్గించమని కాదు. పలాసలో, టెక్కలిలో రాత్రి షిఫ్టుకు తర్ఫీదు పొందిన నర్సులు, ఎడతెగని ఆక్సిజన్, ఏ వేళకైనా పొటాషియం పరీక్ష, ఖాళీ లేకుండా కిడ్నీ, మత్తు వైద్యుల పోస్టులు. ముందు వీటికి, జీతాలకు పద్దు రాయాలి, ఆ తర్వాతే కొత్త యంత్రాలకు టెండర్లు పిలవాలి.