డాక్టరు మాట: అచ్చుకు ముందు ఒక చూపు

మందు పెట్టెమీది అక్షరం కూడా వైద్యంలో భాగమే. డాక్టరు సరిగ్గా రాసి, ఫార్మసీవారు సరిగ్గా ఇచ్చినా, పెట్టెమీద అంకె తప్పయితే దాని ఫలితం అనుభవించేది రోగి. అందుకని ఈ నెల రోగాల సంగతి పక్కనపెట్టి, పెట్టె బొమ్మ అచ్చుకు వెళ్లేముందు జరగవలసిన తనిఖీ గురించి నాలుగు మాటలు. మన సభ్యుల్లో ప్యాకేజింగ్, కంప్యూటర్ రంగాలవారికి ఇది నేరుగా పనికొస్తుంది. తక్కినవారికి పెట్టెను శ్రద్ధగా చదివే అలవాటయితే అదే చాలు.

కొన్ని లోపాలను కంప్యూటరే పట్టేస్తుంది. బొమ్మకు అచ్చయ్యే కొలతలో అంగుళానికి సుమారు 300 చుక్కలుండాలి. 72 చుక్కల బొమ్మ తెరమీద ముచ్చటగా ఉంటుంది, అట్టమీద మసకబారుతుంది. సన్నని అక్షరాలను ఒక్క నల్లసిరాతోనే వేయాలి. నాలుగు సిరాలు కలిపి వేస్తే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా 3కీ 8కీ తేడా తెలియదు. బార్ కోడ్ గీతలు ఎర్రగా ఉండకూడదు. ఎర్రకాంతితో చదివే యంత్రానికి ఎరుపూ తెలుపూ ఒకటే.

కంప్యూటరు పట్టలేనివే ప్రమాదకరం. మైక్రోగ్రాముకు గ్రీకు అక్షరం ‘మ్యూ’ వాడతారు. సింబల్ అనే ఫాంటులో ఇంగ్లీషు ‘ఎమ్’ మీట నొక్కితే అది వస్తుంది. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే అది తిరిగి ‘ఎమ్’ అయిపోవచ్చు. అంటే మైక్రోగ్రాము కాస్తా మిల్లీగ్రాము, మోతాదు 1000 రెట్లు! మార్పు జరిగాక భద్రపరిచిన ఫైలులో కంప్యూటరుకు ఏ లోపమూ కనిపించదు. మనలో చాలామంది వేసుకునే థైరాయిడ్ మాత్రల కొలత మైక్రోగ్రాములే. అందుకే గ్రీకు అక్షరం మాని ‘ఎమ్‌సీజీ’ అని రాయడం మేలు.

మరో ప్రమాదం పోలిక. 2006లో ఇండియానాపోలిస్‌లోని ఒక ఆసుపత్రిలో మిల్లీలీటరుకు 10 యూనిట్ల హెపారిన్ బదులు 10,000 యూనిట్లది వాడడంతో ముగ్గురు పసికందులు చనిపోయారు. రెండు సీసాల లేబుళ్లూ నీలమే, ఛాయలోనే తేడా. విడివిడిగా చూస్తే దేనిలోనూ అచ్చుతప్పు లేదు. 2007లో తయారీదారులు రంగులు మార్చి, అక్షరాలు పెంచి, చింపి తీయవలసిన ఎర్ర హెచ్చరిక కాగితం అతికించారు.

కనుక తెరమీద చూసి సరిపెట్టుకోకూడదు. అసలు కొలతలో కాగితంమీద తీయించాలి. ఆమోదించిన ప్రతిని ఒకరు పైకి చదువుతుంటే, ఆ బొమ్మ తయారుచేయని మరొకరు అక్షరం అక్షరం సరిచూడాలి. అదే మందు తక్కిన మోతాదుల పెట్టెలను పక్కపక్కన పెట్టి, చేయిచాపు దూరంనుంచి పోల్చాలి.

ఇంట్లో మనం చేయగలిగిందీ ఇదే. కొత్త డబ్బా రాగానే పాతదాని పక్కన పెట్టి పేరు, అంకె, కొలత మూడూ చూడండి. ఏది మారినా, మాత్ర మింగకముందే ఫార్మసీకి ఫోన్ చేయండి.

వచ్చే నెల రక్తపోటు గురించి.